లమలెరాలో పది రోజులు ఉండి రావాలంటే

ఇండోనేషియా అంటే మనవాళ్ళకి బాలీ, ఇంకాస్త ఓపికుంటే బొరొబుదూర్. నేను చెప్పబోయేది బాలీకి చాలా తూర్పున, ఫ్లోరెస్ దీవి దాటాక వచ్చే లెంబాటా అనే దీవి గురించి. దాని దక్షిణపు ఒడ్డున కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుని లమలెరా అనే ఊరుంది. పడవ ముక్కు మీద నిలబడి, బల్లెంతో సహా నీళ్ళలోకి దూకి తిమింగలాన్ని పొడిచే ఊరు అని దానికి పేరు. నా సలహా ముందే చెప్పేస్తున్నా, తిమింగలాన్ని చూద్దామని మాత్రం వెళ్ళకండి. మీ లీవులు చూసుకుని అది రాదు. వారాల తరబడి ఒక్కటీ కనబడకపోవచ్చు, కనబడితే ఆ రక్తం చూసి మీకు అన్నం సహించకపోవచ్చు. ఆ ఊరు ఎలా బతుకుతోంది, అక్కడి పిల్లలు ఏమవుతున్నారు అని చూడ్డానికైతే వెళ్ళండి, పది రోజులు ఎలా గడిచాయో తెలీదు.

ముందు టైము చూసుకోండి. ఊళ్ళో దాదాపు అందరూ కేథలిక్కులే. మే 1న ఒడ్డున ప్రార్థన జరిపి, పడవలకు దీవెన తీసుకుని వేట కాలం మొదలుపెడతారు. దాన్ని లెవా అంటారు, దాదాపు అక్టోబరు దాకా నడుస్తుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు వానలు, సముద్రం మహా అల్లకల్లోలంగా ఉంటుంది, అప్పుడు వద్దు. 2021 ఏప్రిల్‌లో సెరోజా తుఫానుకి ఇదే దీవిలో కొండచరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి, కాబట్టి ఏప్రిల్‌ని కూడా నమ్మలేం.

వీసా తలనొప్పి లేదు, మన పాస్‌పోర్టుకి దిగగానే ఇస్తారు. 5,00,000 రుపియాలు అని చూసి గుండె పట్టుకోకండి, మన లెక్కలో మూడు వేల లోపే. 30 రోజులకి ఇస్తారు, ఒకసారి ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. బాలీ నుంచి తిమోర్ దీవిలోని కూపాంగ్, అక్కడి నుంచి చిన్న విమానంలో లెంబాటా ముఖ్యపట్టణం లెవోలెబా. లేదా ఫ్లోరెస్ తూర్పు కొసన ఉన్న లారంతుకాకి చేరి, అక్కడి నుంచి నాలుగు గంటల పడవ ప్రయాణం. నాకైతే పడవే ఇష్టం, కోళ్ళు, సిమెంటు బస్తాలు, స్కూటర్లు, మనుషులు అందరం ఒకటే. ఇక్కడో మెలిక ఉంది. 2024 నవంబరులో ఫ్లోరెస్‌లోని లెవోటోబి అగ్నిపర్వతం పేలితే ఆ బూడిదకి బాలీలో కూడా విమానాలు ఆగిపోయాయి. లెంబాటాలోనే ఇంకొకటి, ఇలె లెవోటోలోక్, 2020 చివర్లో పెద్దగా పేలింది. కాబట్టి తిరుగు టికెట్టుకి ముందు రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి. మలేరియా ఉన్న ప్రాంతం, బయలుదేరే ముందు డాక్టర్ని కలవండి, దోమతెర పట్టుకెళ్ళండి.

లెవోలెబాలోనే డబ్బులు తీసుకోవాలి, అదీ చిన్న నోట్లు. అక్కడి నుంచి ఊరికి మూడు నాలుగు గంటలు, బెంచీలు బిగించిన లారీలో. ఆ రోడ్డు గురించి ఏమీ చెప్పను, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు సీటు అడగండి.

దిగిన రోజే ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళి పేరు రాయించుకోవాలి. ఇండోనేషియాలో వీధి వీధినా ఒక బోర్డు కనిపిస్తుంది, వచ్చిన అతిథి 24 గంటల్లో చెప్పి తీరాలని. ఊరిపెద్దని కెపాలా దేసా అంటారు. కెపాలా మన కపాలమే, దేసా మన దేశమే. భార్య ఇస్త్రి, భర్త సుఆమి, భాష బహాసా, నేల బుమి. ఇలా సగం మాటలు మనవాటిలాగే వినబడతాయి గానీ మిగతా సగం నేర్చుకోక తప్పదు, ఇంగ్లీషు పని చేయదు. పెద్దాయన్ని బాపా అనండి, పెద్దావిడని మామా అనండి. ఎదురైన ప్రతివాళ్ళూ "మావు కె మానా" అంటారు, అంటే ఎక్కడికి అని. మన దగ్గర బయటికి వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడిగితే అపశకునం, అక్కడ అదే పలకరింపు. "జలాన్ జలాన్" అనేస్తే చాలు, ఊరికే అలా తిరుగుతున్నా అని.

తిండి విషయంలో శాకాహారులు కొంచెం గట్టిపడాలి. అన్నం, మొక్కజొన్న, మునగాకు ఉంటాయి. మునగాకుని కెలోర్ అంటారు, పలచటి పులుసులా కాస్తారు. జగుంగ్ తితి మాత్రం వదలకండి, అవి మొక్కజొన్న అటుకులు. పొయ్యి మీద మట్టిమూకుడులో గింజలు వేగుతుంటే మామా వట్టి చేత్తోనే నాలుగు గింజలు తీసి రాతి మీద వేసి, ఇంకో రాయితో టక్కున ఒక దెబ్బ. గింజ పల్చటి బిళ్ళ అవుతుంది, చెయ్యి మళ్ళీ మూకుడులోకి. నేనూ చేస్తానని కూర్చుని మూడో దెబ్బకే వేళ్ళు కాల్చుకుని లేచాను, పక్కనున్న పిల్లలు పడీ పడీ నవ్వారు.

శనివారం పొద్దున్నే పక్క ఊరు వులాండోని సంతకి వెళ్ళండి, మొత్తం యాత్రలో నేను మార్కులు వేసేది దీనికే. రూపాయి లేకుండా జరిగే సంత అది. లమలెరా ఆడవాళ్ళు ఎండబెట్టిన చేప, తిమింగలం మాంసం తట్టల్లో నెత్తిన పెట్టుకుని వస్తారు, కొండ మీది ఊళ్ళవాళ్ళు మొక్కజొన్న, అరటిపళ్ళు, వక్కలు దించుతారు. అందరూ ఎదురెదురుగా కూర్చుంటారు గానీ విజిల్ ఊదేదాకా ఎవరూ సరుకు మార్చుకోరు. లెక్క ఆరు చొప్పున సాగుతుంది. ఒక మాంసం ముక్కకి పన్నెండు అరటిపళ్ళో పన్నెండు కంకులో ఇస్తారు. కొండవాళ్ళకి ఉప్పు, చేప కావాలి, వీళ్ళ నేల రాళ్ళమయం, ఏమీ పండదు. ఈ సంత చూశాకే వేట ఎందుకో అర్థమవుతుంది. అది వాళ్ళ చేను.

ఒడ్డుకి తెచ్చిన జంతువుని కోసేటప్పుడు ఎవరి ముక్క వాళ్ళదే. బల్లెం వేసిన లమాఫాకి, పడవ కట్టిన వడ్రంగికి, బల్లెం చేసిన కమ్మరికి, పడవలో వాటా ఉన్న కుటుంబాలకి, ఈ నేలకి మొదట వచ్చిన వంశాలకి వాటాలున్నాయి. వాళ్ళ ద్వారా విధవలకీ ముసలివాళ్ళకీ చేరుతుంది. అక్కడ నిలబడి ఫోటోలు తీసేముందు ఒక బాపాని అడగండి, ముక్కల మధ్య మాత్రం నడవకండి. ఇంకో సంగతి, వీళ్ళు పళ్ళున్న స్పెర్మ్ తిమింగలాన్ని వేటాడతారు గానీ నీలి తిమింగలం జోలికి పోరు, తమ పూర్వీకుణ్ణి అది వీపు మీద మోసుకొచ్చిందని వాళ్ళ నమ్మకం.

ఇక ఆ ఊరి రేపటి సంగతి. దాన్ని ఎవరినీ నేరుగా అడగకండి, పంచాయతీ ఆఫీసు ముందు నిలబడండి. 2014 గ్రామ చట్టం తర్వాత, 2015 నుంచి ప్రతి ఊరికీ కేంద్రం నేరుగా డబ్బు పంపుతోంది, దాన్ని దానా దేసా అంటారు. ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని పెద్ద ఫ్లెక్సీ కట్టడం మామూలు. రోడ్డుకెంత, పిల్లల పౌష్టికాహారానికెంత, అంతా అంకెల్లో ఉంటుంది. మన ఊళ్ళలో ఇలాంటి ఫ్లెక్సీ ఉంటే చూడాలని ఉంది, నాయకుల పుట్టినరోజులవి తప్ప.

చదువుకున్న పిల్లలు కూపాంగ్‌కో లారంతుకాకో వెళ్ళి టీచర్లు, ఫాదర్లు, ప్రభుత్వ ఉద్యోగులు అవుతున్నారు. చదువు అంతగా సాగనివాళ్ళు ఈ చుట్టుపక్కల దీవుల నుంచి తరతరాలుగా మలేషియాలోని సబా తోటలకి పోతున్నారు, మన జగిత్యాల వాళ్ళకి గల్ఫ్ ఎలాగో అలాగ. పడవ ఎక్కే కుర్రాళ్ళు ఉన్నారు గానీ ఇప్పుడు మోటారు పడవే ముందు పరిగెత్తుతుంది, దాన్ని జోన్సన్ అంటారు, ఒకప్పటి ఇంజన్ కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది. తాటాకు లాంటి ఆకుతో అల్లిన తెరచాప పడవ దాని వెనక తాడుకి కట్టి వస్తుంది. 2009లో ఆ సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు ఊరివాళ్ళు అడ్డం తిరిగారు, తమ వేట నీళ్ళు అందులో కలపనివ్వలేదు. ఈ విషయంలో మీకు బలమైన అభిప్రాయం ఉంటే ఉండనివ్వండి, కానీ వాళ్ళ వరండాలో కూర్చుని వాదించకండి.

తిరిగొచ్చేటప్పుడు ఎవరో ఒకరు తిమింగలం పన్ను చూపించి కొంటారా అంటారు. కొనొద్దు, ఆ వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం ఉంది, మన ఎయిర్‌పోర్టులో దొరికితే కేసే. దానికి బదులు ఆడవాళ్ళు నేసే బట్ట కొనుక్కోండి. నూలుని కట్టలు కట్టి రంగులో ముంచి నేస్తారు, మన పోచంపల్లి ఇకత్‌లో ఆ ఇకత్ అన్న మాట అక్కడి భాషదే, కట్టు అని అర్థం. సహజ రంగు కావాలంటే విడిగా అడగాలి, ధర ఎక్కువ, బేరం మరీ గీకకండి. లారీ తెల్లారకముందే వెళ్ళిపోతుంది, ముందు రోజు సాయంత్రమే డ్రైవరుకి చెప్పుకుంటే మీరున్న ఇంటి ముందుకొచ్చి హారన్ కొడతాడు.