హెచ్‌డీపీఈ పైపు గీకేముందు మార్కర్ గీతలు
ఎలక్ట్రోఫ్యూజన్ కప్లర్, అంటే కరెంటుతో వేడెక్కి రెండు ప్లాస్టిక్ పైపుల్ని కరిగించి కలిపే జాయింటు, వేసేవాళ్ళు పైపు గీకడం మాత్రం అస్సలు వదలకండి. ఎండలో పడున్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటది, అది పోకపోతే లోపల సరిగ్గా కలవదు, పైకి మాత్రం అతుక్కున్నట్టే కనిపిస్తది. నేనేం చేస్తానంటే పైపు కప్లర్‌లోకి ఎంత వెళ్తదో అంతవరకు, ఇంకో రెండు వేళ్ళు ఎక్కువే, చుట్టూ మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసేస్తా, తర్వాత స్క్రేపర్‌తో ఒక్క గీత కూడా మిగలకుండా గీకుతా, రిబ్బన్ లాంటి సన్నటి తొక్క లేవాలి, 0.2 మిల్లీమీటర్ల మందం చాలు. గుంతలో పైపు కింది వైపు చెయ్యి సరిగ్గా పోదు, అందుకే అక్కడే గీతలు మిగిలిపోతాయి, తల వంచి చూడండి. సాండ్‌పేపర్ వద్దు, దాంతో పొర సమానంగా పోదు. గీకాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి, పెట్రోలు, థిన్నర్ వాడొద్దు. మొన్న మా కుర్రాడు తుడిచిన చోటే చెమట చేత్తో పట్టుకుంటే మళ్ళీ తుడిపించా. ఇంకోటి, కప్లర్ మీద, లోపల కరిగిందని చూపించే పిన్ను పైకి లేచిందని, పైపుని కదలకుండా పట్టే క్లాంపు విప్పకండి, ఫిట్టింగ్ మీద రాసున్న కూలింగ్ టైమ్ అయ్యేదాకా పైపు కదలకూడదు.