మీ వీధి సీసీ రోడ్డు లెక్క అడగాలంటే దరఖాస్తు ఇలా రాయండి

మన దగ్గర రాజకీయం మాట్లాడని ఇల్లు లేదు. పొద్దున టీ కొట్టు దగ్గర మొదలై రాత్రికి వాట్సాప్ గ్రూపులో తిట్ల దాకా పోతుంది, పార్టీల పేరు చెప్పి అన్నదమ్ములు కూడా మాటలు మానేస్తున్నారు. ఇంత మాట్లాడే మనం, నిరుడు వేసిన సీసీ రోడ్డు ఈ వానలకే కంకర తేలితే మాత్రం దానికి ఎంత మంజూరైంది, ఎవరు వేశారు, కొలతలు ఎవరు రాశారు అని అడగం. ముఖ్యమంత్రి మీద గంటసేపు వాదించే మనిషి తన వీధి గురించి ఒక కాగితం రాయడానికి వెనకాడటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను. లాయరు అక్కర్లేదు, ఇంగ్లిషు అక్కర్లేదు, తెలుగులో చేత్తో రాసిన ఒక పేజీ చాలు.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. ఇది ఢిల్లీలో ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు, పల్లెటూరి కూలీలు, తమ పేరు మీద కూలి డబ్బు ఎంత రాసుకున్నారో చూపించమని మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) కోసం కొట్లాడి, 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నాకు కూర్చుంటే అక్కడి నుంచి పెరిగి పెద్దదైన చట్టం. కూలి చేసుకునేవాళ్లు తెచ్చిపెట్టిన హక్కును చదువుకున్నవాళ్లం వాడకపోతే ఎలా?

ముందుగా ఈగ్రామస్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ పేరు కొట్టి చూడండి. ఏ పనికి ఎంత ఖర్చు రాశారో కొంతవరకు అక్కడే కనిపిస్తుంది. పని పేరు వాళ్లు ఎలా రాశారో అలాగే నోట్ చేసుకోండి, దరఖాస్తులో అదే పేరు వాడితే "అలాంటి పనే లేదు" అని తప్పించుకోలేరు.

దరఖాస్తు ఎవరికి పెట్టాలన్నది చాలామందికి టెన్షన్. పంచాయతీ వేయించిన రోడ్డయితే పంచాయతీ కార్యదర్శికి, పంచాయతీరాజ్ ఇంజినీర్లు వేయించినదైతే వాళ్ల ఆఫీసుకు, పట్టణంలో అయితే మున్సిపాలిటీకి. పైన "పౌర సమాచార అధికారి గారికి" అని రాస్తే చాలు, పేరు తెలియకపోయినా పర్వాలేదు. తప్పు ఆఫీసుకు వెళ్లినా ఏం కాదు, సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో వాళ్లే సరైన ఆఫీసుకు పంపి మీకు ఆ సంగతి చెప్పాలి. ఫీజు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో పెట్టిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు, రుజువుగా కార్డు జిరాక్స్ జతచేయాలి.

ఇక అసలు సంగతి. ప్రశ్నలు అడక్కండి, కాగితాలు అడగండి. "రోడ్డు ఎందుకు పాడైంది?", "నాసిరకంగా ఎందుకు వేశారు?" అని రాస్తే, అది మా రికార్డుల్లో లేదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చట్టప్రకారం వాళ్లు ఇవ్వాల్సింది తమ దగ్గర రికార్డుగా ఉన్నదే, కారణాలు ఊహించి చెప్పాల్సిన పని వాళ్లకు లేదు. కాబట్టి కోపమంతా పక్కన పెట్టి ఇలా రాయండి:

"సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. మా గ్రామంలో రామాలయం నుంచి వాటర్ ట్యాంకు వరకు 2024–25లో వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి పరిపాలనా మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఈ పని నమోదైన పేజీలు, చెల్లించిన బిల్లులు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు."

అంతే. మీ పేరు, అడ్రసు, సంతకం, తేదీ. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాట స్పష్టంగా అంటోంది. "నీకెందుకయ్యా ఇవన్నీ" అని ఆఫీసులో ఎవరన్నా అడిగితే ఆ సెక్షన్ నంబరు చెప్పి రసీదు అడగండి. రసీదు ఇవ్వకపోతే వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి, ఆ స్లిప్పు జాగ్రత్తగా దాచుకోండి, రేపు అప్పీలుకు అదే ఆధారం. రాయడం రాని పెద్దవాళ్లు నోటితో చెప్తే రాసిపెట్టాల్సిన బాధ్యత కూడా ఆ అధికారిదే. ఇంకో మాట, ఈ చట్టం కింద పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, వాడిన మెటీరియల్ శాంపిల్ కూడా అడగొచ్చు. ఇది మన ఊళ్లలో దాదాపు ఎవరూ వాడటం లేదు.

30 రోజుల్లో జవాబు రావాలి. నకళ్లకు డబ్బు కట్టమని లెటర్ వస్తే, కట్టేదాకా ఉన్న రోజులు ఇందులో లెక్కలోకి రావు. గడువు దాటితే కాగితాలు ఉచితంగానే ఇవ్వాలి. జవాబు రాకపోతే, లేదా వచ్చింది అడ్డదిడ్డంగా ఉంటే, 30 రోజుల్లోపు ఆ సమాచార అధికారి కంటే పై అధికారికి మొదటి అప్పీలు పెట్టండి, ఫైలు కదిలేది చాలాసార్లు ఇక్కడే. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, తెలంగాణలో 2023 నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లను నియమించకుండా ఖాళీగా వదిలేశారు, అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. చట్టాన్ని రద్దు చేస్తే గొడవవుతుంది, కుర్చీలు ఖాళీగా ఉంచితే ఎవరికీ పట్టదు. దీని మీద ఏ పార్టీ కార్యకర్తా స్టేటస్ పెట్టగా నేను చూడలేదు.

ఈమధ్య ఇంకో సాకు వినిపిస్తోంది, "ఇది వ్యక్తిగత సమాచారం" అని. వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా ఆపే సెక్షన్ 8(1)(జె)ని 2023 నాటి డేటా రక్షణ చట్టం ద్వారా మార్చారు, నా దృష్టిలో అది ప్రజలకు జరిగిన అన్యాయమే. అయినా సెక్షన్ 8(2) అలాగే ఉంది, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చంటుంది. అప్పీలులో ఆ నంబరు తప్పక రాయండి.

భయం గురించి కూడా మాట్లాడుకుందాం. ఊళ్లో సర్పంచి మామో బావో అయి ఉంటాడు, కాంట్రాక్టరు పక్క వీధివాడే. ఒక్కరే అడిగితే ఆ ఒక్కరి ఇంటి మీదే ఒత్తిడి వస్తుంది. అందుకే నలుగురు కలిసి, వేర్వేరు పార్టీలవాళ్లయితే మరీ మంచిది, తలా ఒక దరఖాస్తు పెట్టండి. కాగితాలు చూపించి డబ్బులు గుంజేవాళ్లను దగ్గరికి రానీయకండి, వాళ్ల వల్లే నిజాయితీగా అడిగేవాళ్లకు చెడ్డపేరు వస్తోంది.

కాగితాలు చేతికొచ్చాక ముందు ఎం బుక్ పేజీ తీయండి. పొడవు 100 మీటర్లు, వెడల్పు 3, మందం 0.15 అని ఉందనుకుందాం, అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు. టేపు పట్టుకుని పొడవు, వెడల్పు కొలవండి, మందం తెలియాలంటే రోడ్డు అంచున మట్టి పోయనిచోట గానీ కుళాయి పైపు కోసం కోసినచోట గానీ స్కేలు పెట్టి చూడండి. అక్కడక్కడా కొలిచినా ప్రతిచోటా 10 సెంటీమీటర్లే తేలితే వేసింది 30 ఘనపు మీటర్లే, తక్కిన 15 ఏమైందో వాళ్లు చెప్పాలి. స్కేలు కనిపించేలా ఫొటోలు తీసి, ఎం బుక్ నకలు జతచేసి, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు ఫిర్యాదు ఇవ్వండి, గ్రామసభలో కూడా చదివించి మినిట్స్‌లో రాయించండి. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎంత రాశారో కూడా చూసుకోండి, ఆ గడువు ఇంకా ఉంటే రోడ్డు బాగుచేయాల్సింది కాంట్రాక్టరు సొంత ఖర్చుతోనే, కాబట్టి తేదీ దాటిపోకముందే ఫిర్యాదు స్పీడ్ పోస్టులో వెళ్లిపోవాలి.