కొత్త ఇంటి గోడ అడుగున లప్పం ఉబ్బుతోందా? రంగు డబ్బా కొనేముందు గోడ అవతలికి వెళ్లి చూడండి

గృహప్రవేశమై ఏడాది తిరగలేదు. పడకగది గోడకు కింద అడుగు, అడుగున్నర ఎత్తు వరకు లప్పం ఉబ్బింది. చేత్తో తాకితే పిండిలా రాలుతోంది. స్కర్టింగ్ టైలు అంచున తెల్లటి పొడి పేరుకుంది. ఇలాంటి ఫోటో పంపి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీ రంగు వేస్తే ఇది ఆగుతుంది?

ఏ కంపెనీ రంగు వేసినా ఆగదు. విజయవాడ, గుంటూరుల్లో ఇరవై ఏళ్లుగా ఇళ్ల ఫినిషింగ్ పనులు చేయిస్తున్నాను. ఇలా ఉబ్బిన గోడల్లో తప్పు రంగుదైనవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన అన్నిచోట్లా తప్పు నీటిది. ఆ నీరు ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోకుండా వేసే ప్రతి పూతా డబ్బు దండగ. అందుకే నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. ఆ గోడకు అవతల ఏముంది? చాలామంది వెంటనే చెప్పలేరు. ఫోను పట్టుకుని లేచి వెళ్లి, చూసి వచ్చి, అప్పుడు చెబుతారు: బాత్‌రూమ్. అర నిమిషం పట్టే ఈ పనిని రెండుసార్లు రంగు వేయించిన తర్వాత కూడా చేయని ఇళ్లు ఎన్నో చూశాను.

ముందు మచ్చ ఎక్కడుందో చూడండి

మచ్చ ఉన్న చోటే సగం కారణం చెబుతుంది. సీలింగు దగ్గర మొదలై కిందికి దిగుతుంటే డాబా మీదికి వెళ్లి పిట్టగోడ మొదలు, వాన గొట్టం మూతి చూడాలి. కిటికీ కింది మూలల్లో వాన పడిన మర్నాడే కనిపిస్తే కిటికీ బయటి అంచుకు వాటం లేదు, లేదా ఫ్రేము చుట్టూ సిలికాన్ ఊడింది. వానల్లో లేకుండా నడి ఎండాకాలంలో ఏసీ కింద గోడ తడుస్తుంటే గోడలో పూడ్చిన ఏసీ నీటి గొట్టం జాయింటు వదిలింది. ఈ మూడూ చూడగానే తేలిపోతాయి, మేస్త్రీకి ఒక పూట పని.

కింది అంతస్తులో అన్ని గోడలకూ, లోపలి గోడలతో సహా, ఒకే ఎత్తున చెమ్మ ఎక్కితే అది నేల నుంచి వస్తోంది. బేస్‌మెంటు మీద గోడ మొదలుపెట్టే ముందు వేయాల్సిన చెమ్మ నిరోధక పొరను ఎగ్గొట్టారు, లేదా వేసిన తర్వాత ఇంటి చుట్టూ మట్టి నింపి దాన్ని పూడ్చేశారు. మొదటిదానికి గోడలో రంధ్రాలు వేసి మందు ఎక్కించే పని ఉంది, ఖర్చుతో కూడుకున్నది. రెండోదానికి ఆ మట్టి తవ్వి తీస్తే చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మునిగిన విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలో కూడా గోడలన్నిటా ఒకే ఎత్తున గీత కనిపించింది. కానీ అది నిలిచిన వరద నీటి గీత. దానికి మందులు అక్కర్లేదు, ఆ ఎత్తు వరకు లప్పం గీకేసి నెలల తరబడి ఆరనివ్వడమే మందు.

తొందరపడి వేసిన లప్పం

ఇల్లంతా అక్కడక్కడ, ఎత్తుతో సంబంధం లేకుండా బుడగలు వస్తే ప్లాస్టరింగ్ ఆరకముందే లప్పం పెట్టారన్నమాట. ఆషాఢం వచ్చేలోపు పాలు పొంగించాలని ముహూర్తం పెట్టుకుంటారు. పని ఆలస్యమవుతుంది. చివరికి కోత పడేది గోడ ఆరాల్సిన రోజులకే. మన ఎండలకు ప్లాస్టరింగ్ పైపొర రెండు రోజుల్లో తెల్లబడుతుంది, లోపల ఇటుక మాత్రం నీళ్లు తాగి ఉంటుంది. కనీసం 7 నుంచి 10 రోజులు నీళ్లు కొట్టాలి. అది ఆపిన తర్వాత కూడా గోడను నాలుగు వారాలు వదిలేయాలి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. అడుగున్నర చదరం పారదర్శకమైన పాలిథిన్ షీటు తీసుకుని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. షీటు లోపలివైపు నీటి బొట్లు పట్టినా, కింద గోడ రంగు ముదిరినా లప్పం డబ్బా తెరవకూడదు. ఈ పరీక్షను గోడ మధ్యలో చేసి ఊరుకోకండి. అడుగున, బాత్‌రూమ్ పక్క గోడ మీద చేయండి.

అసలు దొంగ: బాత్‌రూమ్ నేల కింద తొట్టి

ఇక నన్ను నిలువునా ముంచిన కారణం. విజయవాడ పక్కన పోరంకిలో ఒక డూప్లెక్స్ ఇల్లు. పై అంతస్తులో పెద్ద పడకగది గోడ అడుగున ఉబ్బులు వచ్చాయి. అవతల బాత్‌రూమే. వెళ్లి చూశాను. నేల పొడిగా ఉంది, టైళ్ల సందులు నిండుగా ఉన్నాయి. కిందికి దిగి సరిగ్గా ఆ బాత్‌రూమ్ కింద ఉన్న వంటగది సీలింగు చూశాను. చుక్క తడి లేదు, ఒక్క మచ్చ లేదు. లీకేజీ ఉంటే కిందికి కారాలి కదా, కారలేదు కాబట్టి బాత్‌రూమ్ తప్పు కాదని నిర్ణయించేశాను. గోడ గీకించి, మళ్లీ లప్పం, ప్రైమరు, రంగు వేయించాను. నాలుగు నెలలకు ఉబ్బింది. రెండోసారి వాటర్‌ప్రూఫ్ పూత వేసి పైన రంగు వేయించాను. ఈసారి ఉబ్బు అడుగు ఎత్తున కాకుండా మూడడుగుల ఎత్తున, పూత ఆగిన చోటికి పైన బయటపడింది. అప్పుడు స్కర్టింగ్ టైలు ఒకటి ఉలితో లేపితే దాని వెనుక ఇటుక నల్లగా ఉంది. వేలు పెట్టి నొక్కితే నీరు ఊరింది.

జరిగింది ఇది. పై అంతస్తు బాత్‌రూముల శ్లాబును గొట్టాలు పట్టడానికి ఎనిమిది అంగుళాల నుంచి అడుగు వరకు కిందికి దించి పోస్తారు, సన్‌కెన్ శ్లాబు అంటారు. గొట్టాలు వేశాక ఆ గుంటను ఇటుక ముక్కలతో, రద్దుతో (కట్టడపు చెత్తతో) నింపి పైన టైళ్లు పరుస్తారు. ఐదడుగులు వెడల్పు, ఎనిమిదడుగులు పొడవు, అడుగు లోతు అంటే 40 ఘనపుటడుగులు. ముక్కల మధ్య ఖాళీలు మూడో వంతు అనుకున్నా 370 లీటర్ల నీరు పట్టే తొట్టి అది. పైన జాలీ కింద ఉండే నానీ ట్రాప్ (నేల మీది నీరు మురుగు గొట్టంలోకి దిగే గిన్నె) మెడ చుట్టూ మేస్త్రీ సిమెంటు కూరి వదిలేశాడు. నున్నటి పీవీసీ గొట్టాన్ని సిమెంటు పట్టుకోదు. ఆరేకొద్దీ ముడుచుకుని చుట్టూ దారమంత సందు వదులుతుంది. రోజుకు ఒక లీటరు ఆ సందులోంచి దిగినా ఆ తొట్టి నిండటానికి ఏడాది పడుతుంది. కొత్త ఇంట్లో మొదట్లో బాగానే ఉండి ఆ తర్వాత గోడ ఉబ్బడానికి కారణం అదే.

మరి కింద వంటగదిలోకి ఎందుకు కారలేదు? శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ నిజాయతీగా చేశారు కాబట్టి. గుంట అడుగున పూత బాగుంది, పక్క గోడలకు మాత్రం ఒక జానెడు ఎత్తు వరకే తిప్పారు. నీరు కిందికి పోయే దారి లేక నిండింది. పూత ఆగిన చోట ఇటుక దొరికింది, అటు తిరిగింది. బూడిద ఇటుకైనా ఎర్ర ఇటుకైనా నీటిని దీపపు వత్తిలా పైకి పీలుస్తుంది. కింది సీలింగు పొడిగా ఉండటం బాత్‌రూమ్‌కు మంచి గుర్తు అనుకున్నాను. నిజానికి ఆ నీరు పడకగది వైపు తిరిగిందనడానికి అదే గుర్తు.

పట్టుకోవడం ఎలా

ముందు ఉబ్బు అంచు వెంట పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. ఆ బాత్‌రూమ్‌ను పది రోజులు పూర్తిగా మూసేయండి. గీత దాటి చెమ్మ పెరగకపోతే అనుమానం బలపడినట్టే. అయితే తొట్టి నిండి ఉంటే పది రోజుల్లో గోడ ఆరదు. ఆరలేదని బాత్‌రూమ్‌ను వదిలేయకండి.

తర్వాత మంచినీటి గొట్టమా, మురుగు గొట్టమా అన్నది తేల్చాలి. రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి పై ట్యాంకు నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. మోటారు వేయకుండా తెల్లవారి చూడండి. తగ్గితే ఒత్తిడితో నీరు వచ్చే గొట్టంలోనే లీకేజీ ఉంది, ప్లంబరును పిలిచి పంపుతో ప్రెషర్ పరీక్ష చేయించాలి.

తగ్గకపోతే నానీ ట్రాప్ గొంతులో, మెడ జాయింటుకు కింద, బట్టతో బిగించి నేల మీద రెండంగుళాల నీరు నిలపండి. టైలు మీద మట్టం గీయండి. పక్కనే ఒక బేసిన్‌లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. రెండు రోజుల్లో ఆవిరైనది ఎంతో, ఇంకినది ఎంతో బేసిన్ చెబుతుంది. బేసిన్‌లో కంటే నేల మీద నీరు ఎక్కువ తగ్గితే తప్పు టైళ్ల సందుల్లోనో ట్రాప్ మెడలోనో ఉంది. రెండూ సమానంగా తగ్గితే బట్ట తీసేసి నాలుగైదు రోజులు, నేల తడవకుండా, నేరుగా ట్రాప్‌లోకే బకెట్లతో నీళ్లు పోయండి. అప్పుడు గోడ మీద గీత దాటితే కింది గొట్టం జాయింటు వదిలినట్టు.

సన్‌కెన్ శ్లాబు అడుగు నుంచి బయటి డక్టులోకి (గొట్టాలు దిగే సందులోకి) చిన్న గొట్టం పెట్టి ఉంటే ఇంత శ్రమ లేదు. దాని మూతి నుంచి చుక్కలు పడుతున్నాయేమో చూస్తే చాలు. ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవారు ఆ ముక్క గొట్టం కోసం మేస్త్రీతో పట్టుబట్టండి.

బాగుచేయడం

టైళ్ల సందుల్లో మాత్రమే తప్పుంటే పాత పూడిక గీకి ఎపాక్సీ గ్రౌటు నింపితే సరిపోతుంది. ట్రాప్ మెడ, గొట్టం అయితే దగ్గరిదారి లేదు. నేల తవ్వాలి, రద్దంతా బయటికి తీయాలి, గుంటను ఆరనివ్వాలి. గొట్టం చుట్టూ ముడుచుకోని గ్రౌటు పోయాలి. పాలిమర్ సిమెంటు పూత రెండుసార్లు వేసి, పక్క గోడల మీద పూర్తయిన నేల మట్టానికి అడుగు పైదాకా తిప్పాలి. స్నానం చేసే వైపు గోడకు నిలువెత్తునా వేయాలి. అప్పుడు నీళ్లు నింపి మూడు రోజులు నిలిపి చూడాలి. ఈ పరీక్ష గుంటను మళ్లీ పూడ్చకముందే జరగాలి, టైళ్లు పరిచాక కాదు. పూడ్చాక పైన మళ్లీ ఒక పూత వేసి, ట్రాప్ వైపు వంద అంగుళాలకు అంగుళం తగ్గకుండా వాటం ఇచ్చి టైళ్లు పరచాలి.

పడకగది వైపు చెమ్మ గీతకు అడుగు పైదాకా ప్లాస్టరింగ్ ఇటుక కనిపించేలా కొట్టేయించండి. నెల, నెలన్నర అలాగే వదలండి. అప్పుడు ఇటుక మీదికి వచ్చే తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతో తోమి చీపురుతో ఎత్తేయండి. నీళ్లతో కడిగితే అది మళ్లీ లోపలికే పోతుంది. పాలిథిన్ షీటు పరీక్ష నెగ్గాకే మళ్లీ ప్లాస్టరింగ్, దానికి నాలుగు వారాలు, ఆపైన లప్పం. పడకగది వైపు మాత్రం వాటర్‌ప్రూఫ్ పూత వేయించకండి. నీరు వచ్చే వైపు ఆపాలి, బయటపడే వైపు మూస్తే ఇంకో చోట పైకి లేస్తుంది. మూడడుగుల ఎత్తున నాకు కనిపించినది అదే.

ఫినిషింగులు ఎంచుకునేటప్పుడు

ప్లానులో బాత్‌రూమ్‌ను ఆనుకున్న ప్రతి గోడ మీదా ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి. ఆ గోడలకు వాల్‌పేపరు, పీవీసీ ప్యానెళ్లు, అడుగున జిప్సం ప్లాస్టరింగ్ వద్దు. మొదటి రెండూ చెమ్మను కప్పిపెడతాయి, జిప్సం చెమ్మకు మెత్తబడుతుంది. అన్నిటికంటే ప్రమాదం వార్డ్‌రోబు, ఎందుకంటే చాలా ఇళ్లలో దాన్ని సరిగ్గా బాత్‌రూమ్ గోడకే ఆనిస్తారు. ప్లైవుడ్ వెనుక బూజు పట్టి, పట్టుచీరల మడతల్లో మరకలు కనిపించేసరికి ఆ గోడ లోపల తడిసి నెలలై ఉంటుంది. వేరే చోటు లేకపోతే వార్డ్‌రోబుకు, గోడకు మధ్య రెండంగుళాలు వదిలి, పైనా కిందా గాలి ఆడేలా చేయించండి.

అరుదైనవి

ఇల్లంతా, ఎండిన గోడల మీద కూడా ఉప్పు పూస్తుంటే నిర్మాణానికి ఉప్పునీటి బోరు వాడి ఉంటారు. కాంక్రీటులో ఇనుము ఉన్నచోట కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. కట్టేముందే సీసాడు నీళ్లు ప్రయోగశాలకు పంపితే సరిపోతుంది. దూలం, గోడ కలిసే చోట వెంట్రుకవాసి చీలిక వస్తే అక్కడ ప్లాస్టరింగ్‌లో జాలీ వేయలేదు, తెరిచి జాలీ వేసి పూడ్చుకోవచ్చు. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి మీద కట్టిన ఇంట్లో తలుపు మూల నుంచి ఏటవాలుగా, చేతి వేలి గోరు దూరేంత వెడల్పున చీలితే మాత్రం అది లప్పం పని కాదు, రంగు పని కాదు. పునాది చూసే స్ట్రక్చరల్ ఇంజినీరును ఆ వారంలోనే పిలవండి.