నెట్ లేనప్పుడు అక్షాంశ రేఖాంశాలకు చిరునామా రాకపోతే

సమస్య: నెట్ ఉన్నంతసేపు చిరునామా చూపిన యాప్, నెట్ పోగానే ఖాళీ జాబితా ఇస్తుంది, లేదా ఐఓఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది.

కారణం: అక్షాంశ రేఖాంశాలను చిరునామాగా మార్చే సాధనాలు, అంటే ఆండ్రాయిడ్‌లోని జియోకోడర్ గానీ, ఐఓఎస్‌లోని సీఎల్‌జియోకోడర్ గానీ చిరునామా కోసం సర్వర్ మీదే ఆధారపడతాయి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు కనుక అక్షాంశ రేఖాంశాలు మాత్రం వస్తూనే ఉంటాయి. అందుకే చాలామంది లోపాన్ని తమ కోడ్‌లో వెతుకుతారు.

పరిష్కారం: అవసరమైన ప్రాంతానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ డేటా తీసుకుని, అందులోంచి వీధులను, ఇంటి నంబర్లను మాత్రమే ఏరి, ఎస్‌క్యూలైట్ (ఫోన్‌లోనే పనిచేసే చిన్న డేటాబేస్) ఫైలుగా యాప్‌లో పెట్టుకోవాలి. ఆ డేటాకు వర్తించే ఓడీబీఎల్ లైసెన్సు ప్రకారం డేటా ఎవరిదో యాప్‌లో చెప్పడం తప్పనిసరి.

సమస్య: ఆ ఫైలులో దగ్గర్లోని వీధులను వేగంగా వెతకడానికి వాడే ఆర్-ట్రీ మాడ్యూల్ లేదంటూ ఎర్రర్ వస్తుంది.

ఫోన్‌తో వచ్చే ఎస్‌క్యూలైట్‌లో ఆర్-ట్రీ ఉంటుందన్న హామీ లేదు. ఆ మాడ్యూల్‌తో బిల్డ్ చేసిన ఎస్‌క్యూలైట్‌ను యాప్‌తోపాటే ఇవ్వాలి.

సమస్య: చిరునామా వస్తుంది, కానీ పక్క వీధిది.

కారణం: చాలాసార్లు ప్రతి వీధినీ దాని మధ్యబిందువుగా మాత్రమే భద్రపరచడమే ఇందుకు కారణం. కిలోమీటరు పొడవున్న రోడ్డు చివర నిలబడితే దాని మధ్యబిందువు 500 మీటర్ల దూరంలో ఉంటుంది, పక్క సందుది 60 మీటర్లలోనే ఉండవచ్చు. కోడ్ సందునే ఎంచుకుంటుంది. డిగ్రీలను నేరుగా దూరంగా లెక్కించడం రెండో కారణం: అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే, కానీ రేఖాంశంలో ఒక డిగ్రీ 60వ అక్షాంశం దగ్గర అందులో సగమే ఉంటుంది.

పరిష్కారం: వీధిని చిన్న చిన్న రేఖాఖండాలుగా దాచి, ఆర్-ట్రీతో చుట్టుపక్కల ఖండాలను మాత్రమే తీసుకుని, రేఖాంశాల తేడాను అక్షాంశపు కొసైన్‌తో గుణించాక, బిందువు నుంచి ఒక్కో ఖండానికి ఉన్న దూరం కొలవాలి. ఆర్-ట్రీ సాధారణంగా విలువలను 32 బిట్లలోనే ఉంచుతుంది కాబట్టి, అసలు నిర్దేశాంకాలను వేరే పట్టికలో పూర్తి కచ్చితత్వంతో ఉంచడం మేలు. ఇంత చేసినా, జీపీఎస్ తన ఖచ్చితత్వం 30 మీటర్లని చెబుతున్నప్పుడు ఇంటి నంబరు చూపడం సరికాదని నా అభిప్రాయం. వీధి పేరుతో ఆపేయాలి.

సమస్య: చిరునామా ఎక్కడో వేరే దేశంలోదిగా వస్తుంది, లేదా అసలే దొరకదు.

అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయేమో చూడాలి. మ్యాప్ డేటాను రాసే జియోజేసన్ ఫార్మాట్‌లో రేఖాంశమే ముందు వస్తుంది. అక్షాంశం 90 దాటితే తప్పని పరీక్షించడం ఒక్కటే చాలదు, ఎందుకంటే రెండు విలువలూ 90 లోపే ఉన్నచోట అది పట్టుబడదు. తెలిసిన ఒక కూడలి నిర్దేశాంకాలు ఇచ్చి, సరైన వీధి పేరే వస్తోందో లేదో చూసే టెస్టు రాసుకోవాలి.