కుండలో నీళ్లు చల్లబడడం లేదా? ముందు బయట చెయ్యి పెట్టి చూడండి

సమస్య: పొద్దున నింపిన కుండలో నీళ్లు సాయంత్రానికి కూడా స్టీలు బిందెలో నీళ్లలాగే ఉన్నాయి.

ఏప్రిల్ వచ్చిందంటే చెన్నైలో మనవాళ్ల ఇళ్లల్లో ఇదే మాట. కుండ అమ్మినవాణ్ణి తిడతారు, ఇంకో కుండ కొంటారు. ఉన్న కుండ మీద చెయ్యి పెట్టి చూసేవాళ్లు మాత్రం కనబడరు. దయచేసి ముందు ఆ పని చేయండి. నింపిన ఐదారు గంటల తర్వాత కుండ పొట్టకు అరచెయ్యి ఆనించండి. చల్లగా, కొంచెం చెమ్మగా తగలాలి. గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. అంటే 10 లీటర్ల నీళ్లు 6 డిగ్రీలు చల్లబడాలంటే కనీసం 100 గ్రాములైనా ఆవిరై పోవాలి, బయటి నుంచి చేరే వేడి లెక్క వేరే. రోజంతా ఉన్నా నీళ్లు అసలు తగ్గడం లేదంటే ఆ కుండ పని చేయడం లేదన్నమాట.

చెమ్మగా ఉంది, చల్లగా లేదు

గాలి తగలడం లేదు. వంటింటి మూల నుంచి, ముఖ్యంగా ఫ్రిజ్ పక్క నుంచి తీసేసి, నీడగా ఉన్న కిటికీ దగ్గరో బాల్కనీలోనో స్టాండు మీద పెట్టండి. అడుగుకు కూడా గాలి ఆడాలి.

ఇంకో మాట. అనంతపురంలో తాగినంత చల్లటి నీళ్లు ఇక్కడ రావు. ఎండ 40 డిగ్రీలున్నా గాలిలో తేమ 20 శాతమే ఉంటే నీళ్లు 23 డిగ్రీల దగ్గరి దాకా దిగగలవు. ఇక్కడ ఎండ 34 డిగ్రీలే అయినా తేమ 65 శాతం ఉందంటే 28 దాటి కిందికి రావు. అది కుండ తప్పు కాదు.

పొడిగా ఉంది

కుండ బాగా ఆరాక బయటవైపు ఒక నీటి చుక్క వేయండి. చూస్తుండగానే ఇంకిపోతే రంధ్రాలు తెరిచే ఉన్నాయి. చుక్క గుండ్రంగా నిలబడినా, జారిపోయినా మూసుకుపోయినట్టే. రంగులు, వార్నిష్ వేసిన కుండలకు ఇలాగే అవుతుంది. అవి అలంకారానికే, చేయగలిగిందేమీ లేదు.

రంగు లేని మామూలు కుండ మీద కూడా చుక్క నిలబడిందా? అయితే ఉప్పు. ఎక్కువమందిని తిప్పలు పెట్టేది, ఎవరికీ అనుమానం రానిది ఇదే. "మేం క్యాన్ నీళ్లే పోస్తామండీ, ఉప్పెక్కడిది?" అంటారు. లోపల పోసేది క్యాన్ నీళ్లే. కానీ కొత్త కుండను తెచ్చిన రోజు నానబెట్టింది కుళాయి నీళ్లలో. రోజూ బయట కడిగేది, చల్లబడుతుందని పైన చిలకరించేది, కింద పళ్లెంలో పోసేది అన్నీ కుళాయి నీళ్లే. చాలా అపార్ట్‌మెంట్లలో సంపులోకి మెట్రో వాటర్‌తో (నగరానికి సరఫరా అయ్యే నీళ్లతో) పాటు బోరు నీళ్లూ వస్తాయి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులో కరిగిన ఉప్పూ సున్నమూ ఎక్కడికీ పోవు. అవి నీరు గాలిని తాకే చోట, అంటే కుండ పైపొరలోనే పేరుకుంటాయి. అందుకే లోపల ఎంత తోమినా లాభం ఉండదు. మెడ కింద వేలితో గీసి చూడండి, గోటికి తెల్లటి పొడి అంటుతుంది. ఒక్కోసారి అడుగు మాత్రం తడిగానే ఉండి, కుండ బాగానే ఊరుతోందని నమ్మిస్తుంది. పొట్ట, మెడ పొడిగా ఉంటే ఆ తడిని నమ్మకండి.

దీనికి చేయాల్సింది: కుండ ఖాళీ చేసి, బయటవైపు పొడి కొబ్బరి పీచుతో తెల్లదనం రాలేదాకా రుద్దండి. తర్వాత క్యాన్ నీళ్లో వాననీళ్లో నింపిన టబ్బులో రాత్రంతా మునిగేలా ఉంచి, ఆ నీళ్లు పారబోసి, ఇంకోసారి కొత్త నీళ్లలో నానబెట్టండి. మామూలు ఉప్పు దీనికే పోతుంది. గట్టి పొరలా పట్టిందంటే సున్నం. సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌ను గుడ్డతో అద్ది కాసేపు ఉంచి, మంచినీళ్లతో బాగా కడిగేయండి. సబ్బు, డిష్‌వాష్ లిక్విడ్ ముట్టించవద్దు. మట్టి పీల్చుకుంటే ఆ వాసన నీళ్లలో వదలదు. ఎండలో పూర్తిగా ఆరాక మళ్లీ చుక్క వేసి చూడండి. ఇక మీదట లోపల పోసే క్యాన్ నీళ్లే బయటా వాడండి.

రెండుసార్లు చేసినా చుక్క ఇంకకపోతే కుండకు తడిగుడ్డ చుట్టి గాలిలో పెట్టండి. గుడ్డలోంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి చల్లదనం వస్తుంది. గుడ్డ తడపడానికీ క్యాన్ నీళ్లే.

గోడ మరీ మందంగా ఉండడం, మట్టి ఎక్కువ కాలడం లాంటివి చాలా అరుదు. కొనేటప్పుడే, చెన్నైలో కుమ్మరుల పేట అయిన కొసపేటలోనైనా, రోడ్డు పక్కనైనా చుక్క వేసి చూసి తీసుకుంటే వాటితో పనే పడదు.