థీమ్ హాస్టల్‌కి అప్లై చేసే ముందు

అమెరికాలో బీఎస్ చదవడానికి వెళ్తున్నవాళ్లకి హౌసింగ్ ఫారంలో మామూలు డార్మ్‌లతో (కాలేజీ హాస్టళ్లతో) పాటు ఒక ఇష్టం చుట్టూ నడిచే ఇళ్లు, అంటే థీమ్ హాస్టళ్లు, కూడా కనిపిస్తుంటాయి. కార్నెల్ యూనివర్సిటీనే తీసుకోండి, అక్కడ కళల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి రిస్లీ హాల్, పర్యావరణం అంటే పడిచచ్చేవాళ్లకి ఎకాలజీ హౌస్, సంగీతానికి ఇంకోటి, భాషలకి మరోటి.

రూమ్ పెద్దదా, బాత్రూమ్ కొత్తదా అని చూసి అప్లై చేసేయకండి. అడగాల్సింది అక్కడ ఇప్పుడు ఉంటున్నవాళ్లని: వారానికి ఎన్ని మీటింగులు, విడిగా ఫీజు ఉందా, వంటగది ఉందా (పప్పు పెట్టుకోవాలంటే ఇదే పెద్ద ప్రశ్న), క్లాసులకి ఎంత దూరం. కొన్నిచోట్ల అప్లికేషన్‌లో చిన్న వ్యాసం రాయమంటారు, అందులో 'నేను కష్టపడతాను' లాంటివి వద్దు, మీరు అక్కడ ఏం చేస్తారో రాయండి, వీణ వచ్చంటే నెలకోసారి కచేరీ పెడతానని చెప్పండి. గడువు మాత్రం మామూలు రూమ్‌ల గడువు కన్నా ముందే ఉండొచ్చు, అడ్మిషన్ రాగానే చూసుకోండి.