సీసం–సీసం తాకిడి జ్యామితి: గ్లాబర్ లెక్క సొంతంగా రాసుకోవడం

ఎల్‌హెచ్‌సీలో (సెర్న్‌లోని పెద్ద కణ త్వరణయంత్రం) రెండు సీసం కేంద్రకాలు ఢీకొన్నప్పుడు వాటి నడిబిందువుల మధ్య అడ్డదూరం ఎంతో ఏ డిటెక్టరూ కొలవలేదు. అది కొన్ని ఫెమ్టోమీటర్లే (ఒక్కోటి 10⁻¹⁵ మీటరు). మన చేతికి వచ్చేది బయటపడిన కణాల లెక్క. దాన్నుంచి తాకిడి జ్యామితిని రాబట్టేదే మాంటే కార్లో గ్లాబర్ లెక్క: యాదృచ్ఛిక సంఖ్యలతో కేంద్రకాలు కట్టి, వాటిని ఢీకొట్టించి లెక్కపెట్టడం. పైథాన్, దాని గణిత లైబ్రరీ నంపై (NumPy) వచ్చినవాళ్లు ఒక పూటలో రాసేయవచ్చు. చిక్కల్లా ఒకటే: తప్పు రాసినా గ్రాఫు ఒప్పులాగే కనిపిస్తుంది. అందుకని మెట్టుమెట్టుకీ సరిచూసుకునే అంకె దగ్గర పెట్టుకోండి. ఇక్కడి అంకెలు న్యూక్లియాన్ (కేంద్రకంలోని ప్రోటాన్ లేదా న్యూట్రాన్) జతకు 2.76 టెరా ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల తాకిళ్లవి, దూరాలన్నీ ఫెమ్టోమీటర్లలో.

ముందు కేంద్రకం కట్టాలి. సీసం 208కి వుడ్స్–సాక్సన్ (కేంద్రక సాంద్రత అంచు దగ్గర క్రమంగా తగ్గే సూత్రం) వ్యాసార్థం 6.62, అంచు పలచబడే కొలత 0.546. నడిబిందువు నుంచి దూరాన్ని 0–15 మధ్య ఒకటి తీసుకోండి; 0–28 మధ్య ఇంకో సంఖ్య తీయండి. దూరంలోంచి 6.62 తీసేసి 0.546తో భాగించి, దాని ఎక్స్‌పొనెన్షియల్‌కి 1 కలపండి. దూరం వర్గాన్ని ఈ మొత్తంతో భాగిస్తే వచ్చే విలువ కన్నా రెండో సంఖ్య తక్కువైతే ఆ దూరం ఉంచండి, లేకపోతే పారేయండి. ఈ వక్రరేఖ శిఖరం 27.5 దాకానే వెళ్తుంది కాబట్టి 28 కప్పు చాలు. దూరం వర్గం మరిచిపోవడం అందరూ చేసే తప్పు. న్యూక్లియాన్లన్నీ మధ్యలో కుప్పపడతాయి. దిక్కు తీసేటప్పుడు కాస్ థీటాని −1 నుంచి 1 వరకు సమానంగా తీయండి. థీటానే సమానంగా తీస్తే ధ్రువాల దగ్గర రద్దీ పెరుగుతుంది.

కొత్త న్యూక్లియాన్ పాతవాటిలో దేనికైనా 0.4 కన్నా దగ్గరగా పడితే మళ్లీ తీయండి. 208 పూర్తయ్యాక వాటి సగటు స్థానాన్ని అన్నిటిలోంచీ తీసేసి కేంద్రకాన్ని సున్నాకి జరపండి. దూరాల వర్గాల సగటుకి వర్గమూలం 5.5 దగ్గర రావాలి. 4 దగ్గర వస్తే ఆ వర్గం మరిచారన్నమాట.

అడ్డదూరానికి 0–1 మధ్య యాదృచ్ఛిక సంఖ్య వర్గమూలాన్ని 20తో గుణించండి. నేరుగా 0–20 మధ్య సమానంగా తీయకూడదు. వలయం పెద్దదయ్యే కొద్దీ దాని వైశాల్యం పెరుగుతుంది కదా. ఒక కేంద్రకాన్ని ఎడమకి సగం, ఇంకోదాన్ని కుడికి సగం జరపండి.

తర్వాత తాకిడి. న్యూక్లియాన్ల అస్థితిస్థాపక క్రాస్ సెక్షన్ (కొత్త కణాలు పుట్టించే తాకిడికి లెక్కగట్టే లక్ష్య వైశాల్యం) 64 మిల్లీబార్న్‌లు, అంటే 6.4 చదరపు ఫెమ్టోమీటర్లు. దాన్ని π (పై)తో భాగించి వర్గమూలం తీస్తే 1.43. పుంజం దిశలోని నిరూపకం వదిలేసి, 43,264 జతల్లో 1.43 కన్నా దగ్గరున్నవాటిని లెక్కించండి: అది తాకిళ్ల సంఖ్య. ఒక్కసారైనా తగిలిన న్యూక్లియాన్లు పాల్గొన్నవి. మిల్లీబార్న్‌లు మార్చకుండా 64నే వాడితే దూరం 4.5 అయిపోతుంది.

ఇలా లక్ష ఘటనలు (ఒక్కో ఘటన అంటే ఒక జత కేంద్రకాల్ని ఎదురెదురుగా పంపడం) నడిపితే సుమారు 61 శాతంలో కనీసం ఒక తాకిడి ఉండాలి; 20 వ్యాసార్థం ఉన్న వృత్త వైశాల్యంలో ఆ వంతే మొత్తం క్రాస్ సెక్షన్, 7.64 బార్న్‌లు. సున్నా తాకిళ్ల ఘటనలు తీసేశాకే, మిగిలినవాటిని అడ్డదూరం తక్కువ నుంచి ఎక్కువ వరుసలో పెట్టి శాతాలు కట్టండి. నడిమికి దగ్గరైన 5 శాతం ఘటనల్లో అడ్డదూరం 3.5 లోపు ఉంటుంది. అక్కడ ఎల్‌హెచ్‌సీలోని ఆలిస్ ప్రయోగ బృందం ఇచ్చిన సగటులు: పాల్గొన్నవి 383, తాకిళ్లు 1685. కొద్ది శాతం తేడా పర్వాలేదు. మొదటిది సరిపోయి రెండోది బాగా తప్పితే క్రాస్ సెక్షన్‌నే అనుమానించండి. నడిమి తాకిళ్లలో దాదాపు అన్ని న్యూక్లియాన్లూ ఎలాగూ తగులుతాయి కాబట్టి మొదటి అంకె కదలదు. రెండోది మాత్రం క్రాస్ సెక్షన్‌తోపాటే పెరుగుతుంది.

డేటాతో పోల్చడానికి, పాల్గొన్నవాటికి 0.8 వంతు, తాకిళ్లకు 0.2 వంతు ఇచ్చి కలిపి, ఆ మొత్తంలో ఒక్కోదానికి నెగెటివ్ బైనామియల్ అనే సంభావ్యతా పంపిణీ నుంచి కణాల సంఖ్య తీయండి. ఆ పంపిణీ సగటు, వెడల్పు మీ డిటెక్టరుకి తగ్గట్టు ఫిట్ చేసుకోవాలి. వేరే డిటెక్టరు విలువలు అరువు తెస్తే కుదరదు. ఫిట్‌ని 90 శాతం దగ్గర ఆపండి. దాని అవతల విద్యుదయస్కాంత ప్రక్రియల ఘటనలు కలిసిపోయి ఉంటాయి, ట్రిగ్గరు (ఏ ఘటన నమోదు చేయాలో తేల్చే వ్యవస్థ) కొన్ని నిజమైన తాకిళ్లను వదిలేస్తుంది కూడా.